మన జిల్లా పటం మీద కనపడని గీతలు



ఏలూరులో హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న మన ఆదివాసీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళతో ఈమధ్య మాట్లాడిన మాటలివి. "అన్నా, రాసి పెట్టు, ఊళ్ళో వాళ్ళకి కూడా పంపుతాం" అన్నారు. అందుకని మాట్లాడినట్టే రాశాను, తేదీలు, అంకెలు మాత్రం సరిచూసి కలిపాను. మీరు కోయ అయినా, కొండరెడ్డి అయినా, నాయకపోడు అయినా, కింద డెల్టాలో ఉంటున్న యానాది, ఎరుకల అయినా, అసలు ఆదివాసీయే కాకపోయినా సరే, చదవండి. ఇది మీ జిల్లా గురించే.

ముందు పటం తీయండి. ఫోన్లో ఉన్నదే చాలు. మన ఏలూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. అంతకుముందు 1925 నుంచి ఉన్నది పశ్చిమ గోదావరి జిల్లా, దానికి ఏలూరే కేంద్రం. 2022లో విడగొట్టినప్పుడు తాడేపల్లిగూడెం, భీమవరం వైపు ఊళ్ళు పశ్చిమ గోదావరిగా మిగిలాయి. కృష్ణా జిల్లా నుంచి కైకలూరు, నూజివీడు వైపు ఊళ్ళు వచ్చి మనలో కలిశాయి. అలా కింద కొల్లేరు, పైన పాపికొండలు, మధ్యలో మెట్ట, అన్నీ ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. వేలేరుపాడు నుంచి ఆ కలెక్టరాఫీసుకి రావాలంటే నూరు కిలోమీటర్లు దాటిన ప్రయాణం. దారిలో తెలంగాణ అశ్వారావుపేట తగులుతుంది. సొంత జిల్లా కేంద్రానికి పక్క రాష్ట్రం మీదుగా వస్తున్న జనం మనోళ్ళే.

నేను డిగ్రీలో చేరిన కొత్తలో "మాది ఏజెన్సీ" అంటే పక్క బెంచీ అబ్బాయి "గ్యాస్ ఏజెన్సీయా, మీ నాన్నదేనా?" అన్నాడు. వెటకారం కాదు పాపం, నిజంగానే అడిగాడు. వాళ్ళది ఏలూరు పక్కనే ఉన్న ఊరు. డెబ్భై కిలోమీటర్ల దూరంలో వేరే భూచట్టం నడిచే ప్రాంతం ఒకటి ఉందని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. ఆ మాటకొస్తే కొల్లేరులో సామాన్యుల బతుకు ఏంటో మనకీ ఎవరూ చెప్పలేదు. మనకి కొల్లేరంటే ఆటపాక పక్షులు, చేపల కూర, అంతే.

కానీ నీళ్ళకి ఈ పరిచయాలతో పనిలేదు. మన పైవైపు కొండల్లో, అడవుల్లో కురిసిన వానే కదా జల్లేరు, బైనేరు, ఎర్రకాలువ అయ్యేది. ఎర్రకాలువ జంగారెడ్డిగూడెం దగ్గర రిజర్వాయరు దాటి, తాడేపల్లిగూడెం వైపు దిగి, యనమదుర్రు డ్రెయిన్లో పడి సముద్రానికి పోతుంది. బుట్టాయగూడెంలో రెండు రాత్రులు గట్టిగా వాన కొడితే మూడో రోజు తాడేపల్లిగూడెం చుట్టుపక్కల వరి నారుమళ్ళు మునుగుతాయి. పడమటి వైపు తమ్మిలేరు ఖమ్మం వైపు కొండల్లో పుట్టి, చింతలపూడి దగ్గర నాగిరెడ్డిగూడెం రిజర్వాయరులో ఆగి, ఏలూరు దగ్గర రెండు పాయలై కొల్లేరులో కలుస్తుంది. బుడమేరు విజయవాడ వైపు నుంచి వచ్చి అదే కొల్లేరులో పడుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన నీళ్ళు చివరికి చేరింది కూడా ఇక్కడికే. ఇన్ని ఏర్లు, డ్రెయిన్లు మోసుకొచ్చే నీళ్ళు సముద్రానికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య ఉన్న పల్లం అది. రెండు డెల్టాల వరదని పట్టి ఉంచి నెమ్మదిగా వదిలే పని ఎన్ని వందల ఏళ్ళ నుంచి చేస్తోందో!

ఇక చరిత్ర. ఏలూరు పక్కన పెదవేగిలో వేంగి రాజధాని, కామవరపుకోట మండలంలో గుంటుపల్లి బౌద్ధ గుహలు, ఇవి మీ పాఠాల్లో ఉన్నాయి, నేను చెప్పక్కర్లేదు. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కింద డెల్టా పచ్చబడింది. ఆనకట్ట కట్టిన కాటన్ దొరకి డెల్టా ఊళ్ళలో విగ్రహాలు ఉన్నాయి. కట్టిన ఆరేళ్ళకే, 1858లో, పైన పాపికొండల్లో కొరుటూరు సుబ్బారెడ్డి అనే కొండరెడ్డి నాయకుడు కంపెనీ వాళ్ళ మీద తిరగబడ్డాడు. ఆయన్ని పట్టుకుని బుట్టాయగూడెంలో ఉరితీశారు. ఇది మీ పాఠంలో ఉందా? హాస్టల్లో అడిగితే నలభై మందిలో ఇద్దరు చేతులెత్తారు. ఆ ఇద్దరూ బుట్టాయగూడెం పిల్లలే. కొరుటూరు పేరు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. మన జిల్లాలో మనుషుల బతుకుని నడిపిస్తున్నవి మూడు గీతలు. మామూలు పటంలో కనపడవు. కానీ మీ ఇల్లు గీతకి ఇటుందా అటుందా అన్న దాన్ని బట్టి మీ పొలం మీదా కాదా, మీ చెరువు ఉంటుందా పోతుందా, మీకు పరిహారం వస్తుందా రాదా అన్నది తేలిపోతుంది.

కొల్లేరు గీతతో మొదలుపెడతా. ఇది మనది కాదు అనుకోకండి. కొల్లేరులో 5వ కాంటూరు అంటే సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తున గీసిన గీత. దాని లోపల 308 చదరపు కిలోమీటర్లు. 1999లో దాన్ని పక్షుల అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది. బాగానే ఉంది. మరి ఆ గీత లోపల మనుషులు ఉన్నారు కదా, లంక గ్రామాలు ఉన్నాయి కదా. వలేసుకుని, మావులు పెట్టుకుని బతికే వడ్డీలు, దళితులు, ఇంకా చాలామంది. 1970లలో ప్రభుత్వమే వాళ్ళతో సహకార సొసైటీలు పెట్టించి, చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. చెరువు సొసైటీదే. కానీ మేత కొనాలి, పిల్ల కొనాలి, గట్టు వేయాలి, లక్షల పెట్టుబడి. అది ఎవరి దగ్గర ఉంది? ఊరి బయట ఉంది. మెల్లగా చెరువులు లీజుకి పోయాయి. కాగితం మీద సొసైటీ, గట్టు మీద వేరేవాళ్ళ మోటార్లు. తన పేరుమీదున్న చెరువుకే కాపలాదారుగా కూలికి పోయిన మనుషులు ఉన్నారక్కడ. కొల్లేరు చేప ఐసు పెట్టెల్లో లారీలెక్కి కలకత్తాకి, అస్సాంకి పోయింది. డబ్బు కూడా ఊళ్ళో ఆగలేదు.

2006లో 'ఆపరేషన్ కొల్లేరు' అని గట్లు పేల్చారు. సరస్సుని కాపాడాలి, నిజమే. చెరువు గట్లు అడ్డం ఉంటే వరద ఆగిపోతుంది, ఏలూరు మునుగుతుంది, అదీ నిజమే. కానీ గట్టు పోయినప్పుడు పెట్టుబడి పెట్టినాయన ఇంకోచోట చెరువు చూసుకోగలిగాడు. లంకలో ఉన్నాయనకి ఇంకో కొల్లేరు లేదు. 2008లో గీతని 5 నుంచి 3వ కాంటూరుకి దింపమని శాసనసభ తీర్మానం చేసింది. ఆ కుదింపు జరగలేదు, గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా 'కాంటూరు కుదిస్తాం' అన్న మాట వింటూనే ఉంటాం. కుదిస్తే లాభం లంకవాళ్ళకా, లీజుదారులకా అని అడిగేవాళ్ళు తక్కువ.

ఇంతసేపు కొల్లేరు గురించి ఎందుకు చెప్పానంటే, 'కాగితం మీద ఒకరు, నేల మీద ఇంకొకరు' అన్న కథ మన ఏజెన్సీలో మనకి బాగా తెలిసిందే కాబట్టి.

మన గీత పేరు షెడ్యూల్డ్ ఏరియా. రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఆ గీత కూడా కొత్తగా గీసింది కాదు, చాలావరకు ఇంగ్లీషువాళ్ళ కాలంలో 'ఏజెన్సీ' అని వేరుగా పెట్టుకున్న ఊళ్ళే. అందుకే ఈ గీత మండలం హద్దుతో కలవదు. ఒకే మండలంలో ఒక ఊరు షెడ్యూలులో ఉంటుంది, దాని పొరుగూరు ఉండదు. మధ్యలో ఉన్నది ఒక మామిడి తోపో, ఒక వాగో. వాగుకి ఇటు ఉన్న కోయాయన భూమిని గిరిజనేతరుడు కొనకూడదు. అటు ఉన్న కోయాయన భూమిని ఎవరైనా కొనొచ్చు. ఇద్దరూ ఒకే ఇంటిపేరు, ఒకే గట్టు, భూమి పండగకి ఒకేచోట కూర్చునేవాళ్ళు.

భూమి చేతులు మారకుండా చట్టం పెట్టాల్సి వచ్చిందంటే అప్పటికే ఎంత పోయిందో ఆలోచించండి. మొదటి చట్టం 1917లో మద్రాసు ప్రభుత్వం చేసింది. తరవాత 1959 రెగ్యులేషన్. అదీ చాలక 1970లో సవరణ, అదే మనం ఒకటి బై డెబ్భై అనేది. 1/70లో బలమైన మాట రెండు ఉన్నాయి. ఒకటి, షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదు, అమ్మితే గిరిజనుడికో గిరిజనుల సహకార సంఘానికో అమ్మాలి. రెండోది, గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆయనే, మనం కాదు. ఈ చట్టం చెల్లుతుందని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది.

మరి చట్టం ఇంత గట్టిగా ఉంటే జీలుగుమిల్లి, బుట్టాయగూడెం రోడ్డు మీద బస్సులో పోతుంటే మీకు కనపడేది ఏంటి? పొగాకు బ్యారన్లు, పామాయిల్ తోటలు, జీడిమామిడి, మొక్కజొన్న. వాటిలో ఎన్ని మనోళ్ళవి? బోరు వేయాలన్నా పొగాకు వేయాలన్నా పెట్టుబడి కావాలి. అప్పు ఇచ్చినాయన పొలం కౌలుకి తీసుకుంటాడు, కౌలు ఏళ్ళు గడిచి సొంతం లాగా అయిపోతుంది. ఇంకొన్నిచోట్ల కాగితం పాలేరు పేరు మీద ఉంటుంది. పాలేరు గిరిజనుడే, పంట మాత్రం ఇంకొకరి గోడౌనుకి పోతుంది. అంటే కొల్లేరు సొసైటీ కథే, చేప బదులు పొగాకు.

కోట రామచంద్రపురం ఐటీడీఏ దగ్గర స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టు ఉంది. 1/70 కింద వేసే ఎల్టీఆర్ కేసులు అక్కడే నడుస్తాయి. మనోళ్ళు గెలిచిన కేసులూ ఉన్నాయి. గెలిచిన తరవాత అప్పీలు, ఆ తరవాత హైకోర్టు, స్టే. తాత వేసిన కేసుకి మనవడు వాయిదాకి పోతున్నాడు. 1990లలో ఈ భూముల కోసమే మన పల్లెలు లేచాయి. కేసులయ్యాయి, మనోళ్ళు జైళ్ళకి పోయారు. మీ ఇళ్ళల్లో అడగండి. నలభై అయిదు, యాభై దాటిన ఎవరో ఒకరు చెప్తారు, ఏ పొలంలో నాగలి పెట్టారో, ఎవరు వచ్చి ఆపారో. మా ఊళ్ళో ఒక పెద్దమ్మ అయితే ఇప్పటికీ ఆ గట్టు మీదుగా నడవదు, చుట్టూ తిరిగి పోతుంది.

కింద ఉన్న మన ఎరుకల, యానాది వాళ్ళ సంగతి మరీ అన్యాయం. తాడేపల్లిగూడెం, ఏలూరు, కైకలూరు వైపు బుట్టలల్లుకుంటూ, చేపలు, ఎలకలు పట్టుకుంటూ, కూలికి పోతూ ఉంటారు. వాళ్ళూ షెడ్యూల్డ్ ట్రైబే. కానీ వాళ్ళున్నచోట షెడ్యూల్డ్ ఏరియా లేదు, 1/70 లేదు, పీసా చట్టం లేదు. ఐటీడీఏ అంటే ఎక్కడో కొండల దగ్గర ఉన్న ఆఫీసు. ఉమ్మడి జిల్లా 2011 లెక్కల్లో ఎస్టీలు మొత్తం కలిపినా నూటికి ముగ్గురు లేరు. అందులోనూ మనం, వాళ్ళు ఒకరి సభకి ఒకరు పోము. ఈ మాట నాకు నచ్చదు కానీ ఉన్నమాటే.

ఇక మూడో గీత, గోదావరి గీత. పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఇప్పుడు మొదటి దశ అని 41.15 మీటర్లు అంటున్నారు. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 12,157 కోట్లు ఒప్పుకున్నది కూడా ఈ 41.15 దశకే. మీ ఊరు 41.15 లోపల ఉంటే ఇప్పుడు లేపుతారు, ప్యాకేజీ ఇస్తారు. పైన ఉంటే తరవాత చూద్దాం అంటారు. కాగితం మీద ఇది లెక్కే. కానీ 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ నీళ్ళకి కాంటూరు సర్వే నంబర్లు తెలియవు. కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో 41.15 జాబితాలో లేని ఊళ్ళు కూడా మునిగాయి. జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద ఉన్నారు. నీళ్ళు తగ్గాక ఇంటికొచ్చి బురద ఎత్తిపోసుకుని, 'మేం ముంపులో లేమట' అని మళ్ళీ అదే ఇంట్లో ఉంటున్నారు.

ఈ రెండు మండలాలు 2014 దాకా ఖమ్మం జిల్లావి. రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం కోసం ఆంధ్రలో కలిపారు. కలపడం సరే, వాళ్ళ పొలాలకి నీళ్ళిచ్చే పెద్దవాగు ప్రాజెక్టు మాత్రం అశ్వారావుపేట మండలంలో, తెలంగాణలో ఉండిపోయింది. ఆయకట్టులో ఎక్కువ భాగం ఇటు, కట్ట అటు. బాగుచేయాల్సింది ఎవరో తేలక ముందే 2024 జులైలో కట్ట తెగింది. వేలేరుపాడు మండలంలో ఊళ్ళ మీదికి నీళ్ళొచ్చాయి, పొలాల్లో ఇసక మేటలేసింది.

కొరుటూరు దగ్గరికి వస్తానన్నాను కదా. సుబ్బారెడ్డి ఊరు కొరుటూరు ఇప్పుడు పోలవరం ముంపు గ్రామం. డ్యాముకి పైన, గోదావరి ఒడ్డున. డ్యామ్ కట్టేచోటే ఉన్న దేవరగొంది, మామిడిగొంది, తోటగొంది, పైడిపాక, రామయ్యపేట, చేగొండపల్లి, సింగన్నపల్లి ముందు ఖాళీ అయ్యాయి. తరవాత పైవైపు ఊళ్ళు ఒక్కొక్కటే. వెదురు, జీలుగు చెట్టు, చింతచెట్టు, గోదావరి చేప, కొండపోడు, ఇవన్నీ కలిసి ఒక కొండరెడ్డి సంసారం. కాలనీలో ఇచ్చింది సిమెంటు ఇల్లు. ఇల్లు బాగానే ఉండొచ్చు, దాని వెనక జీలుగు చెట్టు ఏది? కొండరెడ్లకి కరువు రోజుల్లో ఆ చెట్టు బోదె లోపలి పిండే తిండి. ప్యాకేజీ పట్టీలో చెట్టుకి రేటు కడతారు, ఆ తిండికి కట్టే గడి లేదు.

కాలనీల దగ్గర షెడ్యూల్డ్ ఏరియా గీత, గోదావరి గీత వచ్చి ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇది జాగ్రత్తగా చదవండి. కొన్ని కాలనీలు షెడ్యూల్డ్ ఏరియా బయట కట్టారు. జంగారెడ్డిగూడెం మండలం తాడువాయిలో ఉన్నది పెద్ద కాలనీ. అక్కడ మనకిచ్చిన స్థలానికి 1/70 వర్తించదు. రేపు పిల్ల పెళ్ళికో ఆస్పత్రికో అమ్ముకుంటే అడ్డం చెప్పే చట్టం లేదు. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 42 చూడండి. షెడ్యూల్డ్ ఏరియా నుంచి బయటికి లేపిన గిరిజనులకి ఆ చట్టం కింద ఉన్న రక్షణలు, హక్కులు, ప్రయోజనాలు కొత్తచోటికి కూడా వర్తించాలని ఉంది, అది షెడ్యూల్డ్ ఏరియా కాకపోయినా సరే. కానీ 1/70 వేరే చట్టం, అది దానంతట అది మనవెంట రాదు. కాబట్టి ఆ కాలనీలని షెడ్యూలులో కలపమని అడగాలి.

ఇంకో సంగతి. షెడ్యూల్డ్ ఏరియా లోపల నిర్వాసితులకి 'భూమికి భూమి' ఇవ్వడానికి సేకరించిన భూముల్లో ఎల్టీఆర్ తగాదాల్లో ఉన్నవి కూడా ఉన్నాయని మనోళ్ళ ఫిర్యాదు ఎప్పటినుంచో ఉంది. అది నిజమైనచోట ఏం జరుగుతుందో చూడండి. చట్టం ప్రకారం గిరిజనుడికి తిరిగి రావాల్సిన భూమికి గిరిజనేతరుడు పరిహారం తీసుకుంటాడు. అదే భూమి ఇంకో ఊరి గిరిజనుడికి ఇస్తారు. కేసు వేసిన కోయ, మునిగొచ్చిన కొండరెడ్డి ఒకే గట్టు మీద ఎదురెదురుగా నిలబడతారు. ఈ తగవులో ఇద్దరిదీ తప్పు లేదు. అక్కడ మాట జారొద్దని యూత్ వాళ్ళని ప్రత్యేకంగా అడుగుతున్నా.

మరి కింద డెల్టా? 2015 నుంచి పట్టిసీమ దగ్గర గోదావరి నీళ్ళు ఎత్తిపోసి, పోలవరం కుడి కాలువ మీదుగా కృష్ణకి పంపుతున్నారు. నీళ్ళు పోవద్దని మనం ఎవరం అనలేదు. కృష్ణా డెల్టా రైతుకి నీళ్ళు కావాలి, సరే. మన మండలాల పక్కనుంచే పోతున్న ఆ కాలువ గట్టు మీద నిలబడితే మన మెట్టలో ఎండిన బోర్లు కనపడతాయి, అంతే చెప్తున్నా.

హాస్టల్లో ఒక చెల్లి అడిగింది: "అన్నా, ఇవన్నీ తెలుసుకుని డిగ్రీ పిల్లలం మేమేం చేస్తాం?" కేసులు మీరు నడపలేరు, నిజమే. కానీ మన పల్లెల్లో చాలా ఇళ్ళలో కాగితం ఉంటుంది, చదివే మనిషి ఉండడు. అందుకని ఒక పని చెప్పాను, ఇక్కడా చెప్తున్నా. పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరు షెడ్యూలు జాబితాలో ఉందో లేదో ఐటీడీఏలో అడిగి రాయించుకోండి. మీ పొలం అడంగల్, 1బి తీయించి, అందులో సాగుదారు గడిలో ఎవరి పేరు ఉందో చూడండి. చాలామంది పట్టాదారు పేరు చూసుకుని ఊరుకుంటారు, అసలు తిరకాసు సాగుదారు గడిలో ఉంటుంది. ఎల్టీఆర్ కేసు ఉంటే నంబరు, ఆఖరి వాయిదా తేదీ రాసుకోండి. ముంపు మండలాల వాళ్ళయితే మీ ఇల్లు ఏ కాంటూరులో వేశారో, ప్యాకేజీ జాబితాలో ఎవరెవరి పేర్లు ఉన్నాయో చూడండి. జాబితా నాటికి పద్దెనిమిది నిండక పేరు రాని తమ్ముళ్ళకి ఇప్పుడు పెళ్ళై పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళ లెక్క ఊరివారీగా కావాలి. గ్రామసభలో పెట్టడానికి అదే ఆధారం.

రాసుకున్నది ఫోటో తీసి నేరుగా మాకు పంపండి. సర్వే నంబర్లు మాత్రం ఇక్కడ అందరికీ కనపడేట్టు పెట్టొద్దు. ఈ పేజీ మన వాళ్ళు ఒక్కళ్ళే చదవరు.